ఇల్లు – కరెంటు: ప్లగ్గు మనమే మార్చుకోవచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ప్లగ్గుల గురించే ఉన్నాయి. ఎండలు ముదిరి, అటకల మీది కూలర్లు కిందికి దిగే కాలం కనుక ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. మొదటి ప్రశ్న చాలా ఇళ్ళకు సంబంధించినది కాబట్టి దానికి వివరంగా, మిగిలినవాటికి అవసరమైనంత మేరకు సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా ఇస్త్రీ పెట్టెకు తీగతో కలిపి పోతపోసిన ప్లగ్గు వచ్చింది. ఇప్పుడు అది ఒక పిన్ను దగ్గర కమిలి, కొంచెం కరిగినట్లు కనిపిస్తోంది. ఇస్త్రీ మాత్రం బాగానే అవుతోంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే ఇంత చిన్న పనికి రాలేనంటున్నాడు. కొత్త ప్లగ్గు కొని నేనే బిగించుకోవచ్చా? ఏ తీగ ఎక్కడ కలపాలో, ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో తెలుపగలరు.
– ఒక గృహిణి, మలక్‌పేట

జవాబు: బిగించుకోవచ్చు. గోడలలోని వైరింగును మార్చడానికి లైసెన్సు ఉన్నవారే కావాలి గానీ, మన వస్తువు తీగ చివర ఉన్న ప్లగ్గును అదే సామర్థ్యం గల మరొక ప్లగ్గుతో మార్చడానికి నైపుణ్యం కన్నా ఓపికే ఎక్కువ అవసరం. అయితే పాతది ఎందుకు కరిగిందో తేల్చుకోకుండా కొత్తది బిగిస్తే, కొన్నాళ్ళకు అది కూడా అలాగే కమిలిపోతుంది.

సాధారణంగా ఇళ్ళలో వాడే ఇస్త్రీ పెట్టెలు 750 నుంచి 1000 వాట్లవి. మన దగ్గర సరఫరా 230 వోల్టులు కాబట్టి, 1000 వాట్ల పెట్టె దాదాపు 4.3 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. చిన్న మూడు పిన్నుల ప్లగ్గు 6 ఆంపియర్ల వరకు తట్టుకుంటుంది. అంటే మీ ప్లగ్గు భారం ఎక్కువై కరగలేదు. ఎక్కడో పట్టు వదులైంది. పిన్నుకూ సాకెట్టు లోపలి ఇత్తడి పట్టీకీ మధ్య గానీ, పిన్నుకూ తీగకూ మధ్య గానీ సందు ఏర్పడితే అక్కడ నిరోధం పెరిగి వేడి పుడుతుంది. ఆ వేడికి పట్టీ బిగువు ఇంకా తగ్గుతుంది, దానితో వేడి ఇంకా పెరుగుతుంది. కాబట్టి ప్లగ్గుతోపాటు సాకెట్టును కూడా పరిశీలించండి. కమిలిన పిన్ను దూరే రంధ్రం చుట్టూ నల్లబడినా, మంచి ప్లగ్గు పెట్టినప్పుడు కూడా పట్టు లేకుండా జారుతున్నా సాకెట్టును కూడా మార్పించాలి. అది గోడ పని కనుక ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి. ఈసారి రెండు పనులు ఉన్నాయంటే బహుశా వస్తాడు కూడా.

దుకాణంలో 6 ఆంపియర్ల త్రీ పిన్ టాప్ అని అడిగితే ఇస్తారు. కోఠి ట్రూప్ బజార్‌లో ఐఎస్ఐ ముద్ర ఉన్నవీ లేనివీ పక్కపక్కనే వేలాడుతుంటాయి, ధరలో తేడా కూడా పెద్దగా ఉండదు. ప్లగ్గులకు వర్తించే ప్రమాణం ఐఎస్ 1293. ముద్రతోపాటు ఉండే లైసెన్సు నంబరును భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. పిన్నులు గట్టి ఇత్తడివా, లోపల స్క్రూలు సాఫీగా తిరుగుతున్నాయా, తీగను నొక్కి పట్టే బిగింపు పట్టీ ఉందా అన్నవి కొనే ముందే విప్పి చూడండి. ఆ పట్టీ లేని ప్లగ్గును ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. గట్టిగా ఉంటుందని 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు కొనడం కూడా సరికాదు. అది చిన్న సాకెట్టులో పట్టదు, పట్టించడానికి కొనే అడాప్టరు మరొక వదులు అతుకు అవుతుంది. పెద్ద ప్లగ్గు అవసరమయ్యేది గీజరు, ఇండక్షన్ స్టవ్ వంటి 2000 వాట్ల వస్తువులకు, అవి 8.7 ఆంపియర్ల వరకు లాగుతాయి.

ఇక పనికి వస్తే, ప్లగ్గును సాకెట్టు నుంచి పూర్తిగా బయటకు తీసి, పెట్టె చల్లారిన తరువాతే మొదలుపెట్టండి. స్విచ్చి ఆపాము కదా అనుకోవద్దు, కొన్ని పాత ఇళ్ళలో స్విచ్చి కరెంటు తెచ్చే తీగ (ఫేజు) మీద కాక తిరిగి తీసుకుపోయే తీగ (న్యూట్రల్) మీద ఉంటుంది. ముందుగా తీగ మొత్తాన్ని వేళ్ళ మధ్య నడిపిస్తూ చూడండి. ముఖ్యంగా పెట్టెలోకి ప్రవేశించే చోట పగిలినా, నలిగినా ప్లగ్గు ఒక్కటే మార్చి లాభం లేదు, తీగ మొత్తం మార్చాలి. అప్పుడు కూడా బట్ట అల్లిన ఇస్త్రీ తీగనే తీసుకోవాలి. మామూలు ప్లాస్టిక్ తొడుగు వేడి అడుగు పలక తగిలితే మెత్తబడి కరుగుతుంది.

తీగ బాగుంటే కరిగిన ప్లగ్గుకు రెండు మూడు అంగుళాల ఎగువన కోయండి. లోపలి రాగి పోగులు నల్లబడి ఉంటే, మెరిసే రాగి కనిపించేదాకా ఇంకా వెనక్కు కోయాలి. మాడిన రాగిని ఎంత బిగించినా సరైన స్పర్శ ఏర్పడదు. కోసిన ప్లగ్గును అలాగే చెత్తబుట్టలో వేయకండి. రాగి పోగులు బయటకు ఉన్న ఆ ముక్కను పిల్లలెవరైనా ఆటగా సాకెట్టులో పెడితే ప్రాణం మీదికి వస్తుంది. కటింగ్ ప్లయరుతో పిన్నులను వంచివేసిన తరువాతే పారవేయండి.

కొన్ని ప్లగ్గులలో మూతను ముందుగా తీగకు ఎక్కించుకోవాలి. అది మరిచిపోతే చివరలో అంతా విప్పవలసి వస్తుంది. పై తొడుగును సుమారు 4 సెంటీమీటర్లు తొలగించి, బట్ట అల్లిక విడిపోకుండా అంచును దారంతోనో ఇన్సులేషన్ టేపుతోనో చుట్టండి. లోపలి మూడు తీగలలో, కారిన కరెంటును భూమిలోకి పంపే ఎర్తు తీగను మిగిలిన రెండింటి కన్నా ఒక సెంటీమీటరు పొడవుగా ఉంచండి. ఎప్పుడైనా ఎవరైనా తీగను గట్టిగా లాగి బిగింపు ఊడితే, ముందుగా ఫేజు ఊడాలి గానీ రక్షణ ఇచ్చే ఎర్తు ఊడకూడదు. ప్లగ్గులోని ఎర్తు పిన్నును కూడా ఇదే ఆలోచనతో పొడవుగా చేస్తారు; అది అన్నిటికన్నా ముందు కలుస్తుంది, అన్నిటికన్నా చివర విడిపోతుంది. లావుగా ఉండడం వల్ల పొరపాటున కూడా మరొక రంధ్రంలో దూరదు.

ఇప్పటి తీగలలో గోధుమ రంగుది ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్నది ఎర్తు. పాత తీగలైతే వరుసగా ఎరుపు, నలుపు, ఆకుపచ్చ ఉంటాయి. ప్లగ్గు లోపల ఫేజుకు ఎల్, న్యూట్రల్‌కు ఎన్, ఎర్తుకు ఇ అని అచ్చు వేసి ఉంటుంది. అక్షరాలు కనిపించకపోతే, లావు పిన్ను పైకి వచ్చేలా, పిన్నులు మీకు అవతలి వైపు చూసేలా ప్లగ్గును పట్టుకోండి. మీ కుడి చేతి వైపు ఉన్నది ఫేజు, ఎడమ వైపుది న్యూట్రల్. పిన్నులు మీ వైపు తిప్పుకుంటే ఇది తారుమారవుతుందని మరువకండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

తీగ చివర తొడుగును, స్క్రూతో తీగను పట్టుకునే టెర్మినల్‌కు సరిపడేంత, అంటే సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే ఒలవాలి. బ్లేడుతో గీసేటప్పుడు పోగులు తెగితే సర్దుకుపోకుండా మళ్ళీ కోసి మొదలుపెట్టండి. పోగులను గట్టిగా మెలిపెట్టి, రంధ్రం ఉన్న టెర్మినల్ అయితే చివరను రెండుగా మడిచి లోపలికి పంపి స్క్రూ బిగించాలి. స్క్రూ చుట్టూ తిప్పే రకం అయితే గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టాలి, అప్పుడు స్క్రూ బిగుస్తున్నకొద్దీ తీగ లోపలికి లాగబడుతుంది. కొందరు శుభ్రంగా ఉంటుందని పోగుల చివరకు సీసం పోసి అతుకుతారు. మెత్తటి ఆ లోహం స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా అణగిపోయి పట్టు వదులవుతుంది కాబట్టి ప్లగ్గులలో అది పనికిరాదు. ఒక్క పోగు కూడా బయటకు నిక్కి ఉండకూడదు. చివరగా బిగింపు పట్టీ లోపలి రంగు తీగలను కాక పై తొడుగును పట్టుకోవాలి. మూత బిగించి తీగను ఒకసారి లాగి చూడండి; లోపల కదలిక ఉంటే పట్టీని సరిచేయండి.

ఇప్పుడు అందరూ దాటవేసే భాగం. ప్లగ్గు బిగించి, సాకెట్టులో పెట్టి, పెట్టె వేడెక్కితే పని అయిపోయిందనుకుంటారు. పెట్టె వేడెక్కడం ఫేజు, న్యూట్రల్ కలిశాయని మాత్రమే చెబుతుంది. ఎర్తు తీగ లోపల విడిగా వేలాడుతున్నా పెట్టె అంతే బాగా వేడెక్కుతుంది. ఎర్తు, న్యూట్రల్ తారుమారైనా, ఆర్‌సీసీబీ (కరెంటు కారితే సరఫరాను ఆపివేసే రక్షణ స్విచ్చి) లేని ఇళ్ళలో ఏ తేడా తెలియకుండానే వేడెక్కవచ్చు. అప్పుడు పెట్టె లోహపు భాగం న్యూట్రల్‌తో కలిసి ఉంటుంది, ఆ ఇంటి న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున 230 వోల్టులు చేతికి తగులుతాయి. అందుకని సాకెట్టులో పెట్టకముందే మల్టీమీటరుతో పరీక్షించాలి. మీటరును నిరోధం కొలిచే స్థానంలో ఉంచి, ఒక కడ్డీని లావు పిన్నుకు, రెండవదాన్ని పెట్టె మీద పూత లేని లోహానికి తాకించండి. 1 ఓమ్ కన్నా తక్కువ చూపాలి. నాన్‌స్టిక్ పూత మీద పెడితే ఏమీ చూపదు కాబట్టి ఒక స్క్రూ తల వెతుక్కోవడం మంచిది. తరువాత వేడి మీటను ఎక్కువకు తిప్పి రెండు సన్న పిన్నుల మధ్య చూడండి: 1000 వాట్ల పెట్టె సుమారు 53 ఓమ్‌లు, 750 వాట్లది సుమారు 70 ఓమ్‌లు చూపుతుంది. చివరగా సన్న పిన్నులలో ఒక్కొక్కదానికీ లావు పిన్నుకూ మధ్య ఏ కలయికా చూపకూడదు. ఈ మూడింటిలో ఒక్కటి తేడా వచ్చినా ప్లగ్గు మళ్ళీ విప్పవలసిందే. మీటరు లేకపోతే ఇరుగుపొరుగు వారిని అడగండి, లేదా బిగించిన పెట్టెను రిపేరు దుకాణానికి తీసుకువెళ్ళి ఈ ఒక్క పరీక్ష చేయించండి.

మొదటిసారి ఒక పావుగంట వాడి, ఆపి, ప్లగ్గును తీసి పిన్నులను తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చురుక్కుమంటే ఎక్కడో వదులు మిగిలి ఉంది.

ప్రశ్న: అమెరికా నుంచి తిరిగి వచ్చిన మా అబ్బాయి 900 వాట్ల కాఫీ మేకరు తెచ్చాడు. దాని ప్లగ్గు మన సాకెట్టులో పట్టదు. తీగలో నలుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులు ఉన్నాయి. నలుపును న్యూట్రల్‌కు కలిపి మన ప్లగ్గు పెట్టవచ్చా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: దయచేసి ఆ ప్లగ్గును కోయవద్దు. రంగుల విషయం ముందుగా చెబుతాను: అమెరికా తీగలలో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్. మన పాత లెక్కతో కలిపితే తారుమారవుతుంది. కానీ అసలు అడ్డంకి రంగులు కావు. అక్కడి సరఫరా 120 వోల్టులు. అదే వేడి చేసే తీగచుట్టకు 230 వోల్టులు అందితే దాదాపు 3.7 రెట్ల శక్తి పుడుతుంది; మీ 900 వాట్ల కాఫీ మేకరు 3300 వాట్లు లాగబోయి క్షణాలలో కాలిపోతుంది, చుట్టూ ఉన్నదాన్ని కూడా కాల్చవచ్చు. ప్లగ్గు ఇక్కడ పట్టకపోవడమే ఇన్నాళ్ళూ దాన్ని కాపాడింది.

వస్తువు అడుగున ఉన్న చీటీ చూడండి. లాప్‌టాప్, ఫోను చార్జర్లకు ఉన్నట్లు 100–240 వోల్టులు అని ఉంటే అడాప్టరు చాలు. 120 అని మాత్రమే ఉంటే వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది కూడా 900 వాట్ల కన్నా కొంత ఎక్కువ సామర్థ్యం గలది. ఆ బరువు, ఆ ఖర్చు చూస్తే ఇక్కడే ఒక ఫిల్టరు కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. బ్రిటన్ నుంచి తెచ్చిన వస్తువుల సంగతి వేరు. వోల్టేజి, తీగ రంగులు మనవే. అయితే వారి ప్లగ్గులో చిన్న ఫ్యూజు ఉంటుంది, మన ప్లగ్గులో ఉండదు, కనుక సన్నటి తీగ ఉన్న వస్తువైతే వారి ప్లగ్గును ఉంచి మంచి అడాప్టరు వాడడమే ఉత్తమం.

రంగుల గురించి మరొక హెచ్చరిక. వస్తువు తీగలో నీలం న్యూట్రల్ అన్న లెక్కను గోడ లోపలి తీగలకు వర్తింపజేయకండి. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న భవనాలలో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే, న్యూట్రల్ నలుపు.

ప్రశ్న: మా ఇనుప కూలరుకు ఈ వేసవి కొత్త తీగ, కొత్త మూడు పిన్నుల ప్లగ్గు వేయించాము. అయినా తడి చేత్తో తాకితే జివ్వుమంటోంది. ప్లగ్గు విప్పి చూస్తే అన్నీ సరిగానే ఉన్నాయి. మేము అద్దెకు ఉంటున్నాము.
– ఒక పాఠకుడు, అంబర్‌పేట

జవాబు: ముందుగా ఆ కూలరు ప్లగ్గు తీసివేసి, కారణం తేలేదాకా వాడకండి. నీరు, ఇనుము, తడి నేల, ఉత్తి పాదాలు ఒకేచోట చేరే వస్తువు ఇది. జివ్వుమనడంతో ఆగిన రోజులు అదృష్టం మాత్రమే.

మీరు వివరించినదాన్ని బట్టి రెండు లోపాలు ఉన్నాయి. ఒకటి, కూలరు లోపల ఎక్కడో కరెంటు దాని ఇనుప డబ్బాకు కారుతోంది. చాలాసార్లు పంపు తీగను టేపుతో అతికిన చోట తడి చేరడమో, మోటారు చుట్ట పాతబడడమో కారణం అవుతుంది. రెండు, ఆ కారే కరెంటును భూమిలోకి తీసుకుపోవలసిన ఎర్తు పనిచేయడం లేదు. కూలరు లోపల ఎర్తు తీగను పెయింటు మీద బిగించారేమో చూడండి, పెయింటు గీకి లోహానికి తగిలేలా బిగించాలి. అది సరిగా ఉంటే తప్పు గోడ వైపుది. పాత పోర్షన్లలో సాకెట్టుకు మూడో రంధ్రం ఉంటుంది గానీ వెనుక ఏ తీగా ఉండదు. అటువంటి చోట మూడు పిన్నుల ప్లగ్గు పెట్టడం నీళ్ళు రాని నల్లాకు కొత్త పైపు తగిలించడం వంటిదే. తీగ ఉన్నా అది చేరే ఎర్తు గుంత ఎండిపోయి ఉండవచ్చు. హైదరాబాదు నేల పైపొర కింద చాలాచోట్ల గ్రానైటు రాయే, తేమ నిలవదు. బొగ్గు, ఉప్పు వేసి చేసిన గుంతలో వేసవిలో నీళ్ళు పోయకపోతే దాని నిరోధం బాగా పెరుగుతుంది. అపార్ట్‌మెంట్లలో ఈ గుంత ఎక్కడుందో వాచ్‌మన్‌కు కూడా తెలియకపోవడం తరచుగా చూస్తున్నదే.

కొందరు మేస్త్రీలు ఎర్తు లేదని తెలిసి, సాకెట్టు వెనుక న్యూట్రల్‌నే ఎర్తు టెర్మినల్‌కు కలిపి సరిచేశామంటారు. అది అన్నిటికన్నా ప్రమాదకరమైన సర్దుబాటు. దాని ఫలితం ఏమిటో మొదటి జవాబులో చెప్పాను. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు మీరే అడిగి సాకెట్టు విప్పించి చూడండి.

ఇంటి యజమానిని ఎర్తుతోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా అడగండి. బోర్డులో ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి) ఉంది కదా అని ఆయన అనవచ్చు. 16 ఆంపియర్ల ఎంసీబీ తీగలు కాలకుండా కాపాడుతుంది గానీ, మనిషి ఒంట్లో ప్రవహించే కొద్దిపాటి కరెంటును గుర్తించలేదు. ప్రాణం తీయడానికి ఒక ఆంపియరులో పదో వంతు కన్నా తక్కువే చాలు. ఆర్‌సీసీబీ ఫేజులో వెళ్ళిన కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగివచ్చినదానినీ పోల్చి, తేడా కనిపించగానే సరఫరాను ఆపివేస్తుంది. దాని మీద ఉన్న టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కి, పడిపోతున్నదో లేదో చూసుకోవాలి. ఇవన్నీ అయిన తరువాత కూడా, కూలరులో నీళ్ళు పోసేటప్పుడు ప్లగ్గు తీసి ఉంచడమే పద్ధతి.

ప్రశ్న: మా మిక్సీ తీగలో రెండే వైర్లు ఉన్నాయి. కొత్త ప్లగ్గులో మూడో పిన్నుకు ఏమి కలపాలి?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: మిక్సీ అడుగున చదరం లోపల మరొక చదరం గీసిన గుర్తు ఉంటే అది రెండు పొరల రక్షణతో చేసినది, ఎర్తు అక్కరలేదు, మూడో పిన్నును ఖాళీగా వదిలివేయండి, న్యూట్రల్‌తో మాత్రం కలపవద్దు. ఆ గుర్తు లేక, పైన లోహపు భాగాలు ఉంటే ఎవరో మునుపు తప్పు తీగ వేశారని అర్థం. మూడు తీగల కేబులు, కనీసం 0.75 చదరపు మిల్లీమీటర్లది, వేయించి ఎర్తును లోహపు భాగానికి కలిపించాలి.

ప్రశ్న: మా సాకెట్టుకు రెండు రంధ్రాలే ఉన్నాయి. ఫ్రిజ్ ప్లగ్గులోని లావు పిన్నును కోసివేస్తే పనిచేస్తుందా?
– ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పనిచేస్తుంది, అదే ఇబ్బంది. ఫ్రిజ్ లోపల కరెంటు కారిన రోజున తలుపు పిడి పట్టుకున్నవారికి షాకు కొడుతుంది, అప్పటిదాకా ఏ సూచనా ఉండదు. సాకెట్టు మార్పించి, ఎర్తు లాగించండి. ఆ పని అయ్యేదాకా, ఎర్తు ఉన్న సాకెట్టు ఇంట్లో ఎక్కడ ఉంటే ఫ్రిజ్‌ను అక్కడికి జరపండి.